రంగం పోయినవాళ్ళ లెక్క

షోళింగనల్లూరులో ఒక అపార్ట్‌మెంటు. మేనమామ విశాఖపట్నం పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చారు. మేనకోడలు ఇక్కడే ఐటీ కంపెనీలో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా అమ్మ వైపు వంశవృక్షం రాసుకుంటోంది. మేనమామకు పెదనాన్న అయ్యే మనిషి పేరు దగ్గర ఆమె కలం ఆగింది. ఆయన రంగూన్ (మనవాళ్ళ మాటలో రంగం) రేవులో కూలీ. 1942 తర్వాత కబురు లేదు. ఆ పేరు పక్కన ఏం రాయాలన్న దాని మీద ఇద్దరికీ మాట కలవలేదు.

మేనకోడలు: మామయ్యా, పెద్దతాతయ్య పేరు పక్కన ‘రెండో ప్రపంచ యుద్ధంలో మరణం’ అని రాస్తున్నాను.

మేనమామ: అలా రాయకమ్మా. ఆయన తుపాకీ పట్టలేదు, పటాలంలో చేరలేదు. రంగం వెళ్ళాడు, తిరిగి రాలేదు. మన వైపు ఏ ఊరికి వెళ్ళినా అలాంటివాళ్ళు ఉంటారు. వాళ్ళందరినీ యుద్ధం ఖాతాలో వేస్తావా?

మేనకోడలు: వేయాలనే నా ఉద్దేశం. యుద్ధం రాకపోతే ఆయన ఎప్పటికో ఒకప్పటికి ఇంటికి వచ్చేవారే కదా?

మేనమామ: వచ్చేవాడేమో. ఆ రాకపోకల సంగతి చెబుతా, విను. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి రంగూన్‌కి స్టీమర్లు ఉండేవి. కొందరు బర్మాలో వరికోతలకి వెళ్ళి, మిల్లుల్లో పని చూసుకుని, వానలకి ముందు తిరిగొచ్చేవాళ్ళు. కొందరు రేవు పనిలో ఏళ్ళ తరబడి ఉండిపోయేవాళ్ళు. కూలీలని కుదిర్చే మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చేవాడు. ఆ డబ్బుతో ఇంటి అప్పు కాస్త తీరేది, ఓడ టిక్కెట్టు వచ్చేది, మనిషి మాత్రం మేస్త్రీకి కట్టుబడిపోయేవాడు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షల పైమాటే. రంగూన్‌లో సగానికి పైగా మన దేశస్థులే. తెలుగువాళ్ళు బర్మా మొత్తం మీద లక్షన్నర దాకా ఉండేవాళ్ళు. కష్టం అప్పటికే ఉంది తల్లీ. యుద్ధం కొత్తగా తెచ్చిపెట్టిందేమిటి?

మేనకోడలు: తెచ్చిపెట్టిందేమిటో తేదీలతోనే చెబుతాను. 1941 డిసెంబరు 23న, మళ్ళీ 25న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. వీధుల్లో నిలబడి ఆకాశం వైపు చూస్తున్న జనం మీద పడ్డాయవి. బతికినవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని ప్రోము దారి పట్టారు. అప్పుడు అక్కడి ప్రభుత్వం ఏం చేసింది? సరుకు దించే కూలీలు లేకపోతే రేవు నడవదని, రేవు నడవకపోతే యుద్ధం నడవదని వాళ్ళని వెనక్కి రప్పించే పని పెట్టుకుంది. మగ కూలీలు డెక్కు టిక్కెట్టు మీద ఓడెక్కకుండా ఆంక్షలు పెట్టింది. 1942 ఫిబ్రవరిలో రంగూన్ ఖాళీ చేయమని చెప్పేసరికి అందరికీ సరిపడా ఓడలు లేవు. మార్చి 8 నాటికి నగరం జపాను సైన్యం చేతిలోకి పోయింది. తుపాకీ పట్టని మనిషిని యుద్ధం అవసరానికి ఆపారు, ఆ యుద్ధం మీదపడ్డాక వదిలేశారు. దాన్ని యుద్ధమరణం అనడానికి ఇంకేం కావాలి మామయ్యా?

మేనమామ: ఆపారన్న మాట మా పెద్దవాళ్ళూ చెప్పేవాళ్ళు. కాదనను. కానీ యుద్ధంలో ఎవరి ప్రాణానికి భరోసా ఉంది? దొరలూ నడిచారు, దొరసానులూ నడిచారు. బర్మా వాళ్ళ ఊళ్ళూ తగలబడ్డాయి. మూడేళ్ళలో రెండుసార్లు ఆ దేశం మీద సైన్యాలు నడిచాయి, వెనక్కి తగ్గేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి. బాధ అందరిదీ. అందులోంచి మన ఒక్కడి బాధని విడదీసి రాయడం దేనికి?

మేనకోడలు: అందరూ బాధపడ్డారు, నిజమే. అందరికీ ఒకే దారి ఇచ్చారా? బర్మా సరిహద్దులోని తమూ నుంచి మణిపూర్‌లోకి వచ్చే చోట తెల్లవాళ్ళకి ఒక బాట, నల్లవాళ్ళకి ఒక బాట అని వేరు చేశారు. గాంధీజీ ఆ విషయం మీద అప్పుడే హరిజన్ పత్రికలో మండిపడ్డారు. దక్షిణాన టాంగూపు కనుమ మీదుగా అరకాన్‌లో దిగి చిట్టగాంగు చేరాలనుకున్నవాళ్ళని కలరా తినేసింది. ఉత్తరాన హుకాంగ్ లోయలో చిక్కుకున్నవాళ్ళ మీద మే నెల వానలు పడ్డాయి. మోకాలిలోతు బురద, జలగలు, మలేరియా. ఆ ఏడాది నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చారు. ఎక్కువమంది నడిచే వచ్చారు. దారిలో పోయినవాళ్ళు 10,000 మంది అని ఒక అంచనా, 50,000 అని ఇంకొకటి, లక్ష దాకా అని మరొకటి. పది రెట్ల తేడా చూడండి. లెక్క తప్పడం వల్ల వచ్చిన తేడా కాదిది, అసలు ఎవరూ లెక్క పెట్టకపోవడం వల్ల వచ్చింది.

మేనమామ: ఆ దారిలో చేయి పట్టుకున్నవాళ్ళనీ చెప్పాలి కదా. అస్సాం టీ తోటల కూలీలు ఆ కొండల్లో బాటలు వేశారు, శిబిరాల్లో అన్నం వండారు. మార్వాడీ రిలీఫ్ సొసైటీ వాళ్ళు తిండీ మందులూ పట్టుకొచ్చారు. ఒంటి మీద గుడ్డ తప్ప ఏమీ లేని మనిషికి మణిపూర్‌లో ఎవరో గుక్కెడు గంజి పోశారు. లోకమంతా రాయి అయిపోలేదు.

మేనకోడలు: అదీ రాస్తాను. ఆ గంజి పోసినవాళ్ళ మీదే మే 10న ఇంఫాల్‌లో బాంబులు పడ్డాయని కూడా రాస్తాను. యుద్ధం ఎక్కడో జరుగుతోంది, మేం సాయం మాత్రమే చేస్తున్నాం అనుకున్నవాళ్ళు కూడా రోజు మారేసరికి బాధితులైపోయారు.

మేనమామ: సరే, మనవాళ్ళ సంగతీ నిజాయితీగా రాస్తావా? 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా వాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే వాళ్ళని పొమ్మన్నాయి. ఆ కడుపుమంట మన కూలీల మీదకి తిరిగి, వందల ప్రాణాలు పోయాయి. 1938లో మళ్ళీ గొడవలు. దిగువ బర్మా సాగుభూమిలో నాలుగో వంతు అప్పుల కింద మన వడ్డీ వ్యాపారులు చెట్టియార్ల చేతికి వచ్చి ఉంది. బ్రిటిష్ జెండా వెనక వచ్చినవాడంటే బర్మా రైతుకి ఒళ్ళు మండడంలో వింత లేదు. ఇదంతా వదిలేసి మనవాడు ఉత్త అమాయకుడని రాస్తే అది సగం నిజమే అవుతుంది.

మేనకోడలు: ఒప్పుకుంటాను. కానీ ఒకటి గమనించండి మామయ్యా. చెట్టియార్లు పోగొట్టుకున్న భూములకి ఖాతా పుస్తకాలున్నాయి, దస్తావేజులున్నాయి, నష్టపరిహారం కోసం దశాబ్దాల పాటు అర్జీలు నడిచాయి. సమ్మెలో దెబ్బలు తిన్న కూలీకీ, పని పోయిన బర్మా కూలీకీ ఏ పుస్తకమూ లేదు. ఇద్దరు పేదవాళ్ళని ఒకే రేవులో ఒకరి మీదకి ఒకరిని ఉసిగొల్పి, యుద్ధం వచ్చేసరికి కంపెనీ పెద్దలు ముందు ఓడల్లో వెళ్ళిపోయారు.

మేనమామ: నువ్వు చరిత్ర పుస్తకం రాస్తే రాయి, నాకు అభ్యంతరం లేదు. నేను వద్దంటున్నది ఇంటి సంగతి. మా పెద్దమ్మని నువ్వు చూడలేదు. నేను ఆవిడ చేతి అన్నం తిని పెరిగాను. ఆవిడ చనిపోయేదాకా బొట్టు పెట్టుకుంది, గాజులు వేసుకుంది. అయినా పేరంటానికి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. పిలవకూడదని కాదు, ఏమని పిలవాలో తెలియక. ఆకు పుచ్చుకోమంటే ఏ అశుభమో అని వాళ్ళకి భయం. పుచ్చుకోవద్దంటే బతికున్న మొగుణ్ణి చంపినట్టు అవుతుందేమోనని మరో భయం. ఎవరైనా పోతే పదమూడు రోజులు ఏడ్చి ఊరుకోవచ్చు. ఆవిడకి ఆ పదమూడు రోజులు ఎప్పుడూ మొదలే కాలేదు.

మేనకోడలు: కర్మ చేయలేదా?

మేనమామ: ఆచూకీ లేని మనిషికి పన్నెండేళ్ళు చూసి, దర్భలతో బొమ్మ కట్టి దహనం చేసి కర్మ చేయాలంటారు. 1954లో పురోహితుడు ఆ మాట ఎత్తాడట. పెద్దమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయిందట. మళ్ళీ ఎవరూ అడగలేదు. మా కులంలో మారుమనువు తప్పు కాదు. ఇరవై రెండేళ్ళ మనిషి, అడిగినవాళ్ళూ ఉన్నారు. ఆయన వస్తేనో అన్న ఒక్క మాటకి ఆవిడ జన్మంతా గడిచిపోయింది. చట్టం ప్రకారం ఏడేళ్ళు కబురు లేకపోతే చనిపోయినట్టే లెక్క కదా. అప్పట్లో 1872 నాటి సాక్ష్యాల చట్టం, 108వ సెక్షను. ఆ సెక్షను ఉందని ఊళ్ళో ఎవరికి తెలుసు? తాతల నాటి ముప్పావు ఎకరంలో ఆయన వాటా ఆవిడ పేరు మీదకి ఎప్పటికీ రాలేదు.

మేనకోడలు: ఇంత చెప్పి ఖాళీగా వదిలేయమంటారా మామయ్యా?

మేనమామ: అందుకే వదిలేయమంటున్నాను. ఇంకో సంగతి ఉంది. చెప్పకూడదనుకున్నాను, చెబుతున్నాను. ఆయనకి రంగూన్‌లో ఒక బర్మా మనిషితో సంసారం ఉందనీ, పిల్ల కూడా ఉందనీ తిరిగొచ్చినవాళ్ళు అనేవాళ్ళు. నిజమో కాదో దేవుడికి తెలియాలి. పెద్దమ్మ చెవిన పడకూడదని మా నాన్న ఇంట్లో రంగం పేరే ఎత్తనిచ్చేవాడు కాదు. ఆ మౌనం పిరికితనం అనుకుంటున్నావు నువ్వు. దాని చాటున ఒక ఆడమనిషి పరువుగా బతికింది. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు జరిగాయి, అందులో ఒకరు మీ అమ్మ. మాట్లాడకపోవడం వల్ల నిలబడిన ఇల్లు ఇది.

మేనకోడలు: ఆ మౌనాన్ని నేను తక్కువ చేయను. అప్పుడు అది అవసరం. మీ నాన్నగారు చేసింది సరైన పనే. కానీ అది ఎవరి కోసం పాటించారో ఆవిడ వెళ్ళిపోయి ఇన్నేళ్ళైంది. ఇప్పుడది కాపాడుతున్నదల్లా కూలీలని ఆపినవాళ్ళని, బాటలు వేరు చేసినవాళ్ళని, లెక్క పెట్టనివాళ్ళని. ఆ బర్మా మనిషి సంగతే తీసుకోండి. ఉందనుకుందాం. పిల్లని చంకనేసుకుని ఆవిడ ఆ కొండలెక్కిందా? లేక అక్కడే ఉండిపోయి, ఇండియా వాడి పెళ్ళాం అనిపించుకుంటూ జపాను సైనికుల మధ్య బతికిందా? మన ఇంట్లో ఒకావిడ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నట్టే అక్కడ ఇంకొకావిడ కూర్చుని ఉంటుంది. ఆవిడకీ తద్దినం పెట్టుకునే తేదీ లేదు. ఆ ఇద్దరినీ సవతులుగా చూడడం నా వల్ల కాదు మామయ్యా. ఇద్దరికీ ఒకే యుద్ధం అన్యాయం చేసింది.

మేనమామ: (కాసేపటికి) అలా ఎప్పుడూ ఆలోచించలేదు. అయినా నీ వాదన పెద్దదైపోతోంది. రంగం వెళ్ళినవాళ్ళ ఇళ్ళు ఎన్ని? వెళ్ళనివాళ్ళ ఇళ్ళు ఎన్ని? యుద్ధం మన దేశంలోకి రానే లేదు కదా.

మేనకోడలు: మీది విశాఖపట్నం, మీరే అలా అంటారా? 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో సరుకు ఓడలు ఒకదాని వెనక ఒకటి మునిగాయి. పేలని బాంబు ఒకటి మీ విశాఖ మ్యూజియంలోనే ఉంది.

మేనమామ: చూశాను. మా నాన్న ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాడట. సాయంత్రానికి జనం పిల్లాజెల్లాతో పల్లెలకి నడిచారని చెప్పేవాడు. పల్లెల్లో చుట్టాల ఇళ్ళు నిండిపోయి, పశువుల సాలల్లో కూడా పడుకున్నారట.

మేనకోడలు: ఇక్కడా అంతే. ఆ వారంలోనే మద్రాసు ఖాళీ అవడం మొదలైంది. జపాను నౌకాదళం వచ్చేస్తోందని ప్రభుత్వమే నమ్మి, పనిలేనివాళ్ళు నగరం వదిలి వెళ్ళమంది. ఆఫీసులు లోపలి ఊళ్ళకి తరలించారు. సెంట్రల్ స్టేషను పక్కన జూలో ఉన్న సింహాలు, పులులు బోనులు తెంచుకుని బయటపడతాయేమోనని కాల్చి చంపారు. 1914 సెప్టెంబరు 22న జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు పేల్చి, రేవు దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులని తగలబెట్టిన సంగతి పెద్దవాళ్ళకి గుర్తుంది కాబట్టి జనం రెండో మాట లేకుండా పారిపోయారు. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళారు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, రిక్షా లాగేవాళ్ళు, రోజుకూలీలు ఖాళీ వీధుల్లో పని లేక పస్తులున్నారు. జపాను సైన్యం రాలేదు. ఆకలి మాత్రం వచ్చింది.

మేనమామ: బియ్యం సంగతంటే నాకూ తెలుసు. బర్మా నుంచి మన దేశానికి ఏటా 10 లక్షల టన్నులకి పైగా బియ్యం వచ్చేది. రంగూన్ పడిపోవడంతో అది ఆగిపోయింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ధాన్యం పండుతున్నా, కూలి జనానికి కంట్రోలు బియ్యమే. అదీ నూకలు, రాళ్ళు. కిరసనాయిలు లేదు, గుడ్డ లేదు. పెళ్ళికూతురికి కూడా కంట్రోలు చీరే పెట్టారని మా అమ్మ చెప్పేది. 1943లో బెంగాలులో లక్షల మంది చనిపోయారు. బర్మా బియ్యం ఆగడం దానికి ఒక కారణం.

మేనకోడలు: చూశారా? రంగం పేరు వినని ఇంటికి కూడా రంగం పడిపోయిన దెబ్బ కంచంలో తగిలింది. మేస్త్రీకి అప్పిచ్చిన షావుకారు దివాలా తీశాడు. మనియార్డరు ఆగిపోయిన ఇంట్లో పిల్లవాడు బడి మానేసి పాలేరుగా కుదిరాడు. ప్రాణాలతో తిరిగొచ్చినవాడు ఊళ్ళో కూలికి పోటీ వచ్చాడని పక్కవాడు కసురుకున్నాడు. వీళ్ళలో ఎవరూ యుద్ధ బాధితుల జాబితాలో లేరు.

మేనమామ: జాబితా ఎవరు రాస్తారమ్మా? సైన్యానికి రిజిస్టరు ఉంటుంది, నంబరు ఉంటుంది. కూలీకి ఏముంది?

మేనకోడలు: ఇక్కడికి దగ్గర్లోనే నందంబాకంలో మద్రాసు వార్ సిమెట్రీ ఉంది. 1952లో ఏర్పాటు చేశారు. దక్షిణాదిలో, తూర్పు తీరంలో చెదిరి ఉన్న సమాధులని తీసుకొచ్చి ఒక చోట చేర్చారు. 850కి పైగా సైనికులు, ఒక్కొక్కరికీ ఒక్కో రాయి. రంగూన్ దగ్గర టాక్యన్ స్మారకం మీద, శవం కూడా దొరకని దాదాపు 27,000 మంది సైనికుల పేర్లు చెక్కారు. వాళ్ళలో చాలామంది మన దేశపు సిపాయిలే. ఆచూకీ లేనివాడికి కూడా పేరు చెక్కవచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది కదా! అదే యుద్ధంలో జపాను వాళ్ళు మలయా రబ్బరు తోటల నుంచి తమిళ, తెలుగు కూలీలని వేలల్లో పట్టుకుపోయి సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలు దారి వేయించారు. ఆ దారి మీద 12,000 మందికి పైగా యుద్ధ ఖైదీలు చనిపోయారు. సయాంలోని కాంచనబురిలో వాళ్ళకి దాదాపు 7,000 సమాధులున్నాయి. ఆ రైలు దారి మీదే పోయిన ఆసియా కూలీలు 90,000 దాకా ఉంటారని అంచనా. వాళ్ళకి అలా పేరు పేరునా రాళ్ళు లేవు. తోటల్లో మిగిలిన ఆడవాళ్ళు కర్రపెండలం తిని పిల్లలని సాకారు. వాళ్ళ ముందున్న ప్రశ్న కూడా పెద్దమ్మమ్మదే: బొట్టు ఉంచుకోవాలా, తీసేయాలా?

మేనమామ: ఇప్పుడు పేరు రాస్తే వాళ్ళకి ఒరిగేదేమిటి? ప్రభుత్వం పింఛను ఇవ్వదు, ముప్పావు ఎకరమూ రాదు.

మేనకోడలు: వాళ్ళకి ఒరగదు. రేపటివాళ్ళకి ఒరుగుతుంది. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు మన మెడిసిన్ విద్యార్థులు ఎంతమంది అక్కడ చిక్కుకున్నారో గుర్తుందా? వారాల్లో 22 వేల మందికి పైగా విమానాల్లో తిరిగొచ్చారు. ప్రతి పిల్లకీ పాస్‌పోర్టు నంబరుంది, ఫోనుంది, టీవీ ముందు కూర్చుని పేరు పెట్టి ప్రభుత్వాన్ని నిలదీసిన తల్లిదండ్రులున్నారు. ఎవరి పేరు లెక్కలో ఉందో వాళ్ళని తీసుకురావడం ప్రభుత్వానికి తప్పలేదు. ఏజెంటు చేతిలో డబ్బు పోసి, సరైన కాగితం లేకుండా పరాయి దేశంలో పని చేస్తున్న మన కూలీ ఇవాళ్టికీ మేస్త్రీ నోటుబుక్కులోనే ఉన్నాడు. రేపు అక్కడ బాంబులు పడితే 1942 మళ్ళీ అతని ఇంటికే వస్తుంది.

మేనమామ: నువ్వు నన్ను అన్నింటికీ ఒప్పించలేదు. ఆడవాళ్ళ కన్నీళ్ళని కాగితం మీద పెట్టడం నాకిప్పటికీ ఇష్టం లేదు. ‘మరణం’ అని మాత్రం రాయకు. ఆ మాట అనడానికి పెద్దమ్మ బతికున్నంతకాలం ఒప్పుకోలేదు, ఆవిడ మాట మనం దాటకూడదు.

మేనకోడలు: రాయను మామయ్యా. ‘రంగూన్ రేవు కూలీ. 1942 యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయినవారు’ అని రాస్తాను.

మేనమామ: దాని కింద పెద్దమ్మ పేరు కూడా రాయి. ఆవిడా ఆ యుద్ధంలో నష్టపోయిన మనిషే. బర్మా మనిషి సంగతి... తెలిసినంత మటుకే రాయి, తీర్పు చెప్పకుండా రాయి.

వాదనలో మేనమామది ఒక న్యాయం. బతికున్నవాళ్ళని కాపాడుకోవడానికి పాటించిన మౌనాన్ని తరవాతి తరం తేలిక చేయకూడదు. కానీ కాపాడవలసినవాళ్ళు వెళ్ళిపోయాక మేనకోడలి న్యాయమే నిలుస్తుంది. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా, విశాఖలోని బర్మా క్యాంపు నుంచి చెన్నై పేటల దాకా, మలేషియా తోటల దాకా, తెలుగు ఇళ్ళలో ఇలాంటి ఖాళీలు ఇంకా ఉన్నాయి. రంగం వెళ్ళి రాని మనిషి ఎవరైనా మీ ఇంట్లో ఉంటే ఆయన పేరు, ఊరు, ఓడెక్కిన రేవు, చివరి కబురు వచ్చిన ఏడాది, ఆయన కోసం ఎదురుచూసిన మనిషి పేరు ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాయండి. సైనికుణ్ణి లెక్కపెట్టి, కూలీనీ అతని ఇంటినీ వదిలేసిన యుద్ధచరిత్ర ఏదైనా తప్పుడు లెక్కే. దాన్ని సరిదిద్దే పని ఇప్పుడు ఆ ఇళ్ళవాళ్ళ చేతుల్లోనే ఉంది.